మాస్టారి పేరు మీద

"ఒక్క విషయం. ఇది మాస్టారికి మాత్రం ఇప్పుడే తెలియకూడదు," అన్నాడు మేనేజరు.

ఆమె ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనేలేదు. ల్యాప్‌టాప్ సంచీ భుజం మీంచి దింపుతున్నదల్లా ఆగింది.

మేనేజరు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. పంపుల కంపెనీకి కొత్తగా వచ్చాడు. మర్యాదస్తుడు. మనిషిని ఇంటికి పంపించేటప్పుడు కూడా గొంతు పెంచని రకం.

"మీ కంపెనీతో ఒప్పందం అయిపోయింది. వచ్చే నెల నుంచి మా కంప్యూటర్ మిషన్ని మీవాళ్లే మీ ఆఫీసులో కూర్చుని చూసుకుంటారు. మీకు చెప్పే ఉంటారు."

చెప్పలేదు. పంపుల కంపెనీలో అప్లికేషన్ సర్వర్ పాతబడిపోయింది, కొత్త వెర్షన్ ఎక్కించి రమ్మన్నారు. ఆమెకు తెలిసింది అంతే.

"మరి మాస్టారు?"

"శుక్రవారం సాయంత్రం నేనే పిలిచి చెబుతాను. గౌరవంగానే పంపిస్తాం, అందులో లోటేమీ ఉండదు. ముందే తెలిస్తే మనసు విరిగిపోతుంది. మనసు విరిగిన మనిషి చేతిలో మిషన్ ఉంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?" ఆయన టేబుల్ మీది పెన్ను తీసి స్టాండులో పెట్టాడు. "ఈ రెండు మూడు రోజులూ ఆయన సాయం మీకు కావాలి. తీసుకోండి. పనయ్యాక ఆయన పేరు మిషన్లోంచి తీసేసి వెళ్లండి."

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా ఆయనే అందుకున్నాడు.

"మీరు ఆయన దగ్గరే పని నేర్చుకున్నారటగా. అందుకే ప్రత్యేకంగా మిమ్మల్నే పంపమన్నాను," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "మీరైతే ఆయన అనుమానించరు."

"సరే సార్," అంది ఆమె.

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో కారిడార్లోకి వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు.

మిషన్ గది తలుపు తీయగానే చల్లగాలి మొహానికి కొట్టింది. దాంతోపాటే పిలుపూ వచ్చింది.

"ఏమ్మా తోకా, వచ్చావా? పొద్దున్నించి తలుపు చప్పుడైనప్పుడల్లా మెడ తిప్పుతున్నాను. మెడ పట్టేసింది. దానికి బిల్లు మీ కంపెనీకే పంపిస్తాను."

బయట ఎండ మండిపోతున్నా మాస్టారు ఒంటి మీద బూడిద రంగు స్వెట్టరు. మోచేతుల దగ్గర అరిగిపోయి లోపలి చొక్కా కనిపిస్తోంది. కంపెనీలో అందరికీ ఆయన మాస్టారే, వాచ్‌మన్‌కి కూడా. నిజంగా ఆయన పాఠం చెప్పింది మాత్రం ఈమె ఒక్కదానికే. మొదట ఈ కంపెనీలోనే చేరిన కొత్తలో కేబుల్ చుట్ట చేత్తో పట్టుకుని, ఆయన ఎక్కడికెళితే అక్కడికి వెనకే నడిచేది. తోక అన్నది అప్పుడు ఆయన పెట్టిన పేరు.

"లావయ్యావు," అన్నాడు.

"మీరు సన్నబడ్డారు."

"మా ఆవిడ నడిపిస్తోంది. డాక్టరు అరగంట నడవమంటే ఆవిడ గంట నడిపిస్తోంది. మిగతా అరగంట ఎవరి ఖాతాలోదో తెలీదు." కీబోర్డుని జేబురుమాలుతో ఒకసారి తుడిచి ఆమె వైపు జరిపాడు. "కూర్చో. ఏం తెచ్చావో చూపించు."

గది మూల నల్లటి పెట్టె, ఇంట్లో ఫ్రిజ్ అంత ఉంటుంది. కంపెనీ స్టాకు, ఆర్డర్లు, బిల్లులు అన్నీ దాని కడుపులోనే. వాటిని బయట డీలర్ల స్క్రీన్లకీ గోడౌన్ వాళ్ల స్క్రీన్లకీ అందించేది దాని మీద నడిచే అప్లికేషన్ సర్వర్. అది ఆగితే పెట్టె నిక్షేపంగా ఉన్నా సరే, గోడౌన్లో ఒక్క నట్టు కూడా కదలదు.

ఆమె కూర్చుంది. మాస్టారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. పాత సెట్టింగులు ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ, ఏది ఉంచాలో ఏది పోవాలో మాట్లాడుకున్నారు. సర్వర్‌లోకి ఏ పోర్టు దారిన ఎవరు వస్తున్నారో, ఏ డీలరు ఇంకా పాత కంప్యూటరుతోనే కుస్తీ పడుతున్నాడో ఆయన నాలిక చివరే ఉంది. ఆమె ముందుగా వేయాల్సిన, పాత లోపాల్ని సరిచేసే ప్యాచ్‌ల వరస సరిచూసింది. ఒకచోట ఆయన తొందరపడితే ఆమె ఆపింది. ఇంకోచోట ఆమె తొందరపడితే ఆయన ఆపాడు.

మొదటి ప్యాచ్ వేసే ముందు ఆయన అలవాటుగా అడిగాడు. "వెనక్కి దారి ఉందా?"

"ఉంది మాస్టారూ. తాత్కాలికంగానే వేస్తున్నాను."

"అయితే నొక్కు."

ఎప్పుడూ అంతే. ప్రతి పెద్ద పనికీ ముందు అదే ప్రశ్న. తాత్కాలికంగా వేసిన ప్యాచ్‌ని తీసేయొచ్చు, పాతది పాతచోటికి వస్తుంది. శాశ్వతం అని చెప్పామా, మిషన్ పాతదాన్ని చెరిపేస్తుంది. మాస్టారు శాశ్వతం అనే మాట టైపు చేసేటప్పుడు ఒక్క వేలితో, అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టేవాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసేశాక ఆయన ఫ్లాస్కు తీశాడు. మూతలో ఆమెకి పోశాడు. పిడి విరిగిన కప్పులో తనకి పోసుకున్నాడు. ఆ కప్పు అప్పుడూ అలాగే ఉండేది.

"నిన్నొక మాట అడగాలి. నువ్వు నాలుగు కంపెనీలు తిరిగే మనిషివి," అన్నాడు.

ఆమె మూత పెదవుల దగ్గరే ఉంచింది.

"ఎదురుగా సీసాల ఫ్యాక్టరీ ఉందిగా. వాళ్ల దగ్గరా ఇదే పెట్టె. చూసే కుర్రాడు మానేస్తున్నాడట. నన్ను రమ్మంటున్నారు. రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు." కప్పులోకి ఊదాడు. "మా ఆవిడ వెళ్లమంటోంది. అక్కడి గదికి కిటికీ ఉందట. ఇన్నేళ్లలో మొగుడు ఒక్కసారైనా పగలు ఎండ చూస్తాడని ఆశ."

"మీకేమనిపిస్తోంది?"

"నాకా? ఇక్కడ చెయ్యి అలవాటైపోయింది. చీకట్లో కూడా వెళ్లి దీని తలుపు తీయగలను. కానీ ఈ కొత్త మేనేజరు లోపల ఏమనుకుంటున్నాడో తెలియట్లేదు. నమస్కారం పెడితే నాకంటే ముందు వంగుతున్నాడు. అదే భయంగా ఉంది." నవ్వాడు. "నీ చెవినేమైనా పడిందా? నిజం చెప్పు. ఈ సర్వర్ మారాక ఇక్కడ నాతో పనుంటుందంటావా?"

చెప్పడానికి ఇంతకంటే మంచి వేళ రాదని ఆమెకి తెలుసు. పొద్దున మేనేజరు తలుపు వేసిన తీరు, స్టాండులో పెట్టిన పెన్ను, అన్నీ కళ్లముందు ఉన్నాయి. తను సరే అన్న మాట కూడా ఉంది.

"భలేవారే మాస్టారూ," అంది. "మీ చెయ్యి తగలకుండా ఈ పెట్టె నిద్ర లేస్తుందా?"

ఆయన మొహం విప్పారింది. "అదీ నిజమేలే," అన్నాడు. ఇంకాస్త టీ ఆమె మూతలో పోశాడు.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో చెప్పులు కూడా విడవకుండా మంచం అంచున కూర్చుని భర్తకి ఫోన్ చేసింది. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. వెనకనుంచి కారు గేరు పళ్లు కొరికిన చప్పుడు వినిపించింది.

"క్లచ్ తొక్కండి అంకుల్, క్లచ్... ఆ, చెప్పు."

ఆమె అంతా చెప్పింది. మేనేజరు ఏమన్నాడో, తమ కంపెనీ ఏ ఒప్పందం చేసుకుందో, మాస్టారు ఏమడిగాడో. అడిగినదానికి తను ఏం జవాబిచ్చిందో మాత్రం చెప్పలేదు.

భర్త కారు పక్కకి ఆపించినట్టున్నాడు. చప్పుడు తగ్గింది. "చెబితే ఏమవుతుంది? నీ ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు. పోకపోయినా, ఇక నన్నెవరూ నమ్మి ఎక్కడికీ పంపరు."

"అయితే చెప్పకు. నిన్ను తప్పుపట్టేవాడెవడూ లేడు. కానీ అబద్ధం మాత్రం ఆడకు. అడిగితే 'నాకు చెప్పే వీల్లేదు మాస్టారూ' అను. పెద్దాయన, అర్థం చేసుకుంటాడు. సీసాలవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు."

ఆమె వంగి చెప్పుల పట్టీ విప్పింది.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇంత చిన్నదానికి అంత కంగారెందుకు? రేపు పొద్దున ఆ ఒక్క ముక్కా అనెయ్యి. అంకుల్, బ్రేకు మీంచి కాలు తీయకండి. కొండ మీద ఉన్నాం."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ ముక్కని రెండుసార్లు పైకే అని చూసుకుంది. నాకు చెప్పే వీల్లేదు మాస్టారూ. బాగానే ఉంది. నోరు తిరుగుతోంది. పొద్దున వెళ్లగానే అనేయాలి.

మర్నాడు గురువారం, ఫ్యాక్టరీకి వారపు సెలవు. సర్వర్ ఆపాలంటే ఆ రోజే వీలు. గోడౌన్ షట్టర్లు దించి ఉన్నాయి. ఆవరణలో వాచ్‌మన్ కుర్చీ నీడతోపాటు జరుపుకుంటూ కూర్చున్నాడు.

ఆమె వెళ్లేసరికి మాస్టారు కాపీ తీసుకునే టేపు సిద్ధం చేసి ఉంచాడు. పసిపిల్లని అందించినట్టు రెండు చేతులతో కార్ట్రిడ్జి అందించాడు.

"మాస్టారూ, నిన్న మీరడిగారే..."

"ముందు పని. కబుర్లు తర్వాత. మొత్తం కాపీ అవ్వాలంటే పూట పడుతుంది."

నిజమే. ముందు పని. ఆమె టేపు పెట్టింది. పెట్టె గొంతు సవరించుకున్నట్టు గరగరమని, కాపీ మొదలుపెట్టింది. కాపీ అయింది. సర్వర్ని ఆపారు. ముందు బయటికి కనిపించే వెబ్ సర్వరు, దాని వెనక అప్లికేషన్ సర్వరు. వరస తప్పితే సగంలో ఉన్న పనులు గాల్లో వేలాడతాయి. పోర్టు ఖాళీ అయిందో లేదో ఆమె చూస్తుంటే, మాస్టారు సర్వర్ తన పనులు రాసుకునే లాగ్ ఫైలు చివరి వరసలు పైకి చదివాడు. "ఆగిపోయాడు. ప్రశాంతంగా ఆగాడు. కోపం లేదు."

కొత్త వెర్షన్ ఇన్‌స్టాలేషన్ మొదలైంది. ఇక కాసేపు చూస్తూ కూర్చోవడమే పని. చెప్పేయాలి. నాకు చెప్పే వీల్లేదు మాస్టారూ. ఒక్క ముక్క.

మాస్టారి ఫోన్ మోగింది.

"ఆ, చెప్పు... తిన్నాను. తిన్నానన్నానా? ... అదే ఆలోచిస్తున్నా." భార్య అని అర్థమవుతూనే ఉంది. "మా తోక వచ్చిందని చెప్పానుగా. దాన్నడిగాను. దాని చెవినేమీ పడలేదు. ఏమైనా ఉంటే అది నా దగ్గర దాస్తుందా? ... కిటికీ సంగతి తర్వాత చూద్దాంలే. ఇంట్లోనే ఇంకోటి కొట్టిస్తా నీకు." నవ్వుతూ పెట్టేశాడు. పెట్టేసి, అదే ఊపులో ఇంకో నంబరు వెతికాడు.

స్క్రీన్ మీద ఇన్‌స్టాలర్ ఒక ప్రశ్న వేసి ఆగింది. పాత సెట్టింగులు కొత్త చోటికి తరలించనా అని. ఆమె చూపు దాని మీద పెట్టింది. దాని మీదే పెట్టింది.

"నమస్కారమండీ. నేనండీ, పంపుల కంపెనీ నుంచి... ఆ, ఆ విషయమే." మాస్టారు లేచి నిలబడ్డాడు. పెద్ద మాటలు ఆయన కూర్చుని మాట్లాడలేడు. "మీరు అడిగినందుకు చాలా సంతోషమండీ. కానీ రాలేను. ఇక్కడే ఉండిపోదామని... లేదండీ, అలాంటిదేం లేదు. అలవాటైన చోటు. అంతే."

చెయ్యి చాచితే ఆయన స్వెట్టరు అందుతుంది. చెయ్యి ఎత్తి ఆగండి అంటే చాలు, కారణం కూడా అడగడు. ఆమె వేలు ఎంటర్ మీద ఉంది. నొక్కింది. స్క్రీన్ మీద వరసలు పరిగెత్తసాగాయి.

"అయిపోయింది," అన్నాడు మాస్టారు ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి. "మనసు తేలికయింది. ఏదో ఒకటి అనేస్తే పోతుంది కదా."

"అవును," అంది ఆమె.

"నువ్వు పొద్దునేదో అనబోయావు?"

"ఏం లేదు మాస్టారూ. టీ ఉందా అని."

కొత్త సర్వర్ లేచాక పరీక్షలు మొదలుపెట్టారు. ఆమె తన దగ్గరున్న చెక్‌లిస్టు ప్రకారం ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది.

సర్వర్ మాస్టారి పేరు మీద నడుస్తోంది.

ఏ సర్వరైనా మిషన్ మీద ఎవరో ఒకరి పేరుతో నడవాలి. మనిషి పేరు పెట్టకూడదు. కేవలం సర్వర్ కోసమే ఒక ఖాతా తెరిచి, దాని పేరు మీద నడపాలి. మొట్టమొదట పెట్టిన రోజుల్లో తొందరలో మాస్టారు తన పేరే ఇచ్చేసినట్టున్నాడు. ఇక అప్పటినుంచీ అలాగే నడిచిపోయింది. ఫైళ్లూ ఆయన పేరు మీదే, తాళాలూ ఆయన పేరు మీదే. రేపు ఆయన పేరు తీసేస్తే సర్వర్ ఆగిపోతుంది. మళ్లీ లేవదు. గోడౌన్ ఆగిపోతుంది. అప్పుడు మేనేజరు, ఎంత మర్యాదస్తుడైనా, పరిగెత్తుకుంటూ మాస్టారి ఇంటికి వెళతాడు.

ఆమె ఆ వరసని దాటేసింది. చెక్‌లిస్టులో టిక్కు పెట్టి తర్వాతి పేజీకి వెళ్లింది. పొద్దున్నించి ఇప్పుడే గుండె కొంచెం కుదుటపడింది. తను చెప్పలేనిది మిషనే చెబుతుంది. ఎవరూ తనని అనేదేమీ ఉండదు.

"ఆగాగు. వెనక్కి పో," అన్నాడు మాస్టారు.

"ఏంటి?"

"పొమ్మంటుంటే." ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి స్క్రీన్ దగ్గరికి వంగాడు. "ఇది నా పేరు మీదే ఉందేంటి? ఛీ ఛీ. ఎప్పుడో మార్చాల్సింది. సిగ్గుచేటు. నువ్వు చూసుకోలేదా?"

"చూశాను. ఉండనివ్వండి మాస్టారూ. నడుస్తోందిగా."

"నడుస్తోందిగా?" ఆయన ఆమె వైపు తిరిగాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "నా దగ్గర నేర్చుకున్న మాటేనా అది? రేపు నన్ను లారీ గుద్దిందనుకో. మా ఆవిడ ఏడుస్తుందా, ఇక్కడికొచ్చి సర్వర్ లేపుతుందా?"

"మాస్టారూ, ఈ ఒక్కటీ వదిలేయండి. తర్వాత చేద్దాం."

"తర్వాత అన్నది ఇన్నేళ్లు అయింది. జరుగు. కొత్త ఖాతా నేను తెరుస్తాను, నువ్వు ఫైళ్ల పేర్లు మార్చు. మంచి పనిమంతురాలు వచ్చి చేసిందని తర్వాత వచ్చేవాళ్లు అనుకోవాలి."

పక్కపక్కన కూర్చుని చేశారు. ఆయన ఒక్కో ఫోల్డరు పేరు పైకి చదివాడు. ఆమె దాని యజమాని పేరు మార్చింది. పాత పేరు పోయి కొత్త ఖాతా పేరు పడినప్పుడల్లా ఆయన "ఊఁ" అన్నాడు. తాళాలు అయ్యాయి. షెడ్యూలు పనులు అయ్యాయి. మధ్యలో ఒకచోట ఆమె ఒక ఫోల్డరు వదిలేసింది. కావాలనే వదిలేసింది. ఆయన వేలితో స్క్రీన్ మీద తట్టి చూపించాడు. "కళ్లజోడు నాకు కాదు, నీకు కావాలి."

అది కూడా మార్చింది.

చివరగా ఆయన, "ఇప్పుడు చూద్దాం," అని తన పేరుని తనే కాసేపు నిలిపివేశాడు. సర్వర్ ఆపి మళ్లీ లేపారు. లాగ్‌లో వరసలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఎక్కడా తప్పు లేదు. సిద్ధం అని వచ్చింది.

"చూశావా?" అన్నాడు మాస్టారు, చేతులు రుద్దుకుంటూ. "ఇప్పుడిక నేనున్నా లేకపోయినా దీనికి ఒకటే."

శుక్రవారం పొద్దున గోడౌన్ షట్టర్లు లేచాయి. మొదటి ఆర్డరు స్క్రీన్ మీద పడింది. స్టోర్ కీపరమ్మ ఫోన్ చేసి, "మాస్టారూ, ఏం చేశారో గానీ గబగబా వస్తోంది. ఇంతకుముందు నొక్కి వెళ్లి నీళ్లు తాగొచ్చేదాన్ని. ఇప్పుడు దాహంతో చచ్చేట్టున్నాను," అంది. మాస్టారు స్పీకరు పెట్టి ఆమెకి వినిపించాడు.

భోజనాల వేళ ఆమె ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, రోడ్డు దాటి, సీసాల ఫ్యాక్టరీకి వెళ్లింది. దారంతా ఏం మాట్లాడాలో కూర్చుకుంది. ఆయన మనసు మార్చుకున్నారండీ, అడగడానికి మొహమాటపడుతున్నారు, నన్ను పంపారు అనాలి. ఈసారి అబద్ధమైనా ఫరవాలేదు.

లోపల కొలిమి వేడి గోడల్లోంచి కూడా తెలుస్తోంది. ఎక్కడో సీసాలు బెల్టు మీద ఒకదానికొకటి తగులుతూ గలగలమంటున్నాయి. ఆఫీసరు మంచి మాటకారి. ఆమె చెప్పిందంతా విని, నాలిక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే. ఆయన కోసమే ఇన్నాళ్లూ ఆపామండీ. ఒక కంపెనీవాళ్లు ఎప్పట్నుంచో వెంటపడుతున్నారు, మిషన్ మేమే మా ఆఫీసు నుంచి చూసుకుంటాం అని. మాస్టారొస్తే మనకెందుకులే అనుకున్నాం. నిన్న ఆయన రానన్నారు. వాళ్లకి సరే అనేశాం." టేబుల్ మీది కార్డు తీసి ఆమె ముందుకు జరిపాడు. "ఇదిగో, వీళ్లే. మీకు తెలుసా?"

కార్డు మీద ఆమె కంపెనీ పేరు ఉంది. కింద ఆమె బాస్ నంబరు.

"తెలుసు," అంది ఆమె.

బయట రోడ్డు మీద ఉండగానే బాస్ ఫోన్ చేశాడు. హుషారుగా ఉన్నాడు. "నీ చెయ్యి మంచిదమ్మా. నువ్వు అడుగుపెట్టావో లేదో ఎదురు ఫ్యాక్టరీ కూడా మనకి వచ్చింది. రెండూ నువ్వే చూసుకో. ఇక నువ్వు ఊళ్లు తిరగక్కర్లేదు. సంతోషమేనా?"

లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఆ చప్పుడులో ఆమె ఏం జవాబు చెప్పిందో ఆమెకే వినిపించలేదు. బాస్‌కి సరిపోయినట్టుంది, పెట్టేశాడు.

మేనేజరు సాయంత్రం దాకా ఆగలేదు. సర్వర్ బాగా నడుస్తోందని తెలిసి తొందరపడ్డాడు. ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు పైగదిలోంచి మెట్లు దిగుతున్నాడు. చేతిలో కవరు ఉంది. ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు.

స్టోర్ కీపరమ్మ ఎదురెళ్లింది. వార్త అప్పటికే గోడౌన్ దాకా పాకినట్టుంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెట్ల కింద నిలబడ్డ ఆమెని చూడగానే ఆవిడ గొంతు లేచింది.

"వచ్చిందండీ మహాతల్లి. ఈవిడ కంపెనీ కాదూ, మీ కుర్చీ లాక్కుంది? ఈవిడకి తెలియకుండానే జరిగిందా? రెండు రోజులు మీ పక్కన కూర్చుని మీ టీ తాగింది."

"ఊరుకోమ్మా," అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగానే ఉంది. "దానికేం తెలుసు? పైవాళ్లు పైవాళ్లు అనుకుంటారు. కింద పనిచేసేవాళ్లకి ఎవరు చెబుతారు? తెలిస్తే నాకు చెప్పేది. నేను అడిగాను కూడా."

ఆమె వైపు తిరిగాడు. "నువ్వు లోపలికి రా. నా పేరు తీసేయమన్నారట. నా ఎదురుగానే తీద్దువుగాని."

మిషన్ గదిలో ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది, అప్పట్లో నిలబడ్డట్టే. ఆయన సొరుగులోంచి పిడి విరిగిన కప్పు తీసి, తుడిచి, సంచీలో పెట్టుకున్నాడు. ఫ్లాస్కు తీశాడు. మూతలో టీ పోసి ఆమె చేతికిచ్చాడు.

"చివరి బొట్టు నీకే. ఏడుపు మొహం పెట్టకు. మా ఆవిడకి ఏం చెప్పాలన్నదే ఇప్పుడు నా బాధ. సీసాలవాళ్లకి మళ్లీ ఒకసారి ఫోన్ చేసి చూస్తాను. మంచివాళ్లే. నిన్నే కదా వద్దన్నాను."

"చెయ్యకండి మాస్టారూ."

"ఏం?"

"ఇప్పుడు అక్కడి నుంచే వస్తున్నాను. అది కూడా మా కంపెనీకే ఇచ్చేశారు. నిన్న మీరు వద్దన్నాక."

మాస్టారు ఫ్లాస్కు టేబుల్ మీద పెట్టాడు. తర్వాత తలూపాడు. "పోన్లే. అయితే నాకోసం పరిగెత్తావన్నమాట." ఆ మాట మెత్తగా అన్నాడు. "పిచ్చిదానా. నీ తప్పేముంది ఇందులో?"

ఇక్కడ ఊరుకుంటే సరిపోతుంది. ఆయనే దారి వేసి ఇచ్చాడు. ఆ దారిలో వెళ్లిపోతే ఆయన ఎన్నాళ్లున్నా తనని తోకా అనే పిలుస్తాడు, తన పేరు మంచిగానే చెప్పుకుంటాడు.

"నాకు బుధవారమే తెలుసు," అంది ఆమె.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "ఏది?"

"ఇదంతా. మీరు అడగకముందే తెలుసు. మీకు చెప్పొద్దన్నారు. సరే అన్నాను."

పెట్టె మీద పచ్చదీపం వెలిగి ఆరుతోంది. మాస్టారు ఆమె మొహం వైపు కాదు, టేబుల్ మీద తన ఫోన్ వైపు చూశాడు.

"నిన్న నేను వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"తెలిసే ఉన్నావు."

"తెలిసే."

ఇంకా ఏదో అడుగుతాడని చూసింది. ఎందుకని అడిగితే చెప్పడానికి ఉద్యోగం ఉంది, ఇల్లుంది, భయముంది. తిడితే వినడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఏదీ చేయలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. జేబురుమాలు తీసి, కీబోర్డుని ఒకసారి తుడిచాడు.

"కూర్చోండి మేడమ్," అన్నాడు. "పని కానివ్వండి."

"మాస్టారూ..."

"టీ తాగండి. చల్లారిపోతుంది."

సంచీ భుజాన వేసుకున్నాడు. స్వెట్టరు విప్పి మడిచి, దానిమీదే ఫ్లాస్కు పెట్టుకున్నాడు. తలుపు తీసినప్పుడు బయటి వేడి ఒక్క క్షణం లోపలికి వచ్చింది. తలుపు దానంతటదే మూసుకుంది.

మూత తన చేతిలోనే ఉందని ఆమెకి అప్పుడు తట్టింది. పరిగెత్తి వెళ్లింది. కారిడార్ కిటికీలోంచి ఆవరణ కనిపిస్తోంది. వాచ్‌మన్ లేచి నిలబడి ఉన్నాడు. మాస్టారు మూత లేని ఫ్లాస్కుని గుండెకి ఆనించుకుని, ఎండలోకి నడిచి వెళుతున్నాడు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అలవాటు లేని వెలుగు కదా. పిలిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాడు. ఏమని పిలిచినా ఆయన ఇక ఆగి, "ఏమండీ?" అని మర్యాదగా అడుగుతాడు. ఆమె పిలవలేదు.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. స్క్రీన్ మీద ఖాతాల వరసలో ఆయన పేరు తెరిచింది. తీసేయమంటావా అని మిషన్ అడిగింది. ఇలాంటప్పుడు పక్కనుంచి వచ్చే ప్రశ్న కోసం చెయ్యి తనకు తెలియకుండానే ఆగింది. స్టూలు ఖాళీగా ఉంది.

ఎంటర్ నొక్కింది.

పెట్టె ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఫోన్ మోగుతుందేమోనని, గోడౌన్లో ఎవరో ఒకరు స్క్రీన్ ఆగిపోయిందని అరుస్తారేమోనని, ఆమె చల్లారిన టీ చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆర్డర్లు ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి. సర్వర్ ఆగదు. ఎందుకు ఆగుతుంది? నిన్న మాస్టారు దగ్గరుండి, ఒక్క ఫోల్డరు కూడా వదలకుండా చేయించాడు.